ప్రభావానికి లోనుకాని విలువ

నేను బ్యాంకు వారి ప్యానెల్ వాల్యుయర్‌ని. ఎవరైనా దుకాణమో, గోడౌనో, కాంప్లెక్సో తాకట్టు పెట్టి అప్పు అడిగితే, ఆ కట్టడం ఎంత చేస్తుందో వెళ్ళి చూసి చెప్పడం నా పని. జీతం లేదు. రిపోర్టుకింత అని ఫీజు ఇస్తారు, అదీ వాళ్ళకు గుర్తొచ్చినప్పుడు. పంతొమ్మిదేళ్ళుగా తాడేపల్లిగూడెంలో టేపు పట్టుకుని గోడలు కొలుస్తూ, నాలుగు హద్దులు రాస్తూ బతుకుతున్నాను. ఇన్నేళ్ళలో నేను నేర్చుకున్న విద్య ఒక్కటే, కట్టడాన్ని కళ్ళతో చూడకుండా విలువ కట్టకూడదని. ఆ విద్య తప్పని పోయిన ఆషాఢంలో హెడ్డాఫీసు వారు సర్క్యులర్ ద్వారా తెలియజేశారు.

దీనికి మూలం ఒక కోళ్ళ షెడ్డు. ఎక్కడో వేరే జిల్లాలో ఒక వాల్యుయరు గారు ఆ షెడ్డును మూడంతస్తుల హోటలుగా రాసి కోట్లలో విలువ కట్టారు. అప్పు తీసుకున్న పెద్దమనిషి పత్తా లేకుండా పోయాడు. బ్యాంకు వారు స్వాధీనం చేసుకోవడానికి వెళితే కోళ్ళు మాత్రం ఉన్నాయి. విచారణ కమిటీ నాలుగు నెలలు కూర్చుంది. తనిఖీ రోజున వాల్యుయరు గారు ఆ పెద్దమనిషి ఇంట్లో నాటుకోడి పులుసుతో భోజనం చేశారని తేల్చింది. లంచం ఊసు, సంతకాలు పెట్టిన పెద్ద ఆఫీసర్ల ఊసు కమిటీ ఎత్తలేదు. వాల్యుయరు ఆస్తి ప్రభావానికి లోనయ్యాడు, అదే రోగం అని రాసింది. రోగం తెలిసింది కనుక మందుకోసం స్వతంత్ర మూల్యాంకన పరిరక్షణ విభాగం అని ఒకటి పుట్టింది. దానికి అధిపతిగా డి.జి.ఎం. విరూపాక్షం గారిని వేశారు. ఆయన ముప్పై ఏళ్ళ సర్వీసులో ఏ కట్టడాన్నీ బయటినుంచి చూసిన మనిషి కాదు, ఎప్పుడూ లోపలే ఉన్నారు.

మొదటి సర్క్యులర్ ఇలా ఉంది: "ఇందుమూలముగా యావన్మంది ప్యానెల్ వాల్యుయర్లకు తెలియజేయునది ఏమనగా, తనిఖీ సమయమున ఆస్తి యజమాని ఇచ్చు టీ, కాఫీ, మజ్జిగ, మంచినీళ్ళు, తాంబూలము వగైరా స్వీకరించరాదు. స్వీకరించలేదని యజమాని చేతను, ఇరువురు సాక్షుల చేతను అతిథి మర్యాదల నిరాకరణ ధ్రువపత్రము మూడు ప్రతులలో పొందవలెను."

నాకేమీ అభ్యంతరం లేకపోయింది. చిక్కల్లా సాక్షులతో వచ్చింది. నేను టీ తాగలేదని సంతకం పెట్టడానికి వచ్చిన ఇద్దరూ టీ తాగితే తప్ప సంతకం పెట్టమన్నారు. ఒక రైసుమిల్లులో యజమాని వాళ్ళకోసం టీలు తెప్పించి, పొరపాటున నా చేతిలోనూ ఒక గ్లాసు పెట్టేశాడు. తాగకుండా, పారబొయ్యకుండా అది చల్లారేదాకా పట్టుకుని నిలబడ్డాను. పట్టుకోవడం స్వీకరించడం కిందికి వస్తుందా రాదా అని మా బ్రాంచి మేనేజరు తోలేటి మధుసూదనం గారు హెడ్డాఫీసుకు రాశారు. ఒక చేత్తో పట్టుకుంటే రాదనీ, రెండు చేతులతో పట్టుకుంటే వస్తుందనీ మూడు వారాల తర్వాత జవాబు వచ్చింది.

రెండో సర్క్యులర్‌తో పేర్లు పోయాయి. యజమాని పేరు చూడగానే అతని కలిమి, కులం, చుట్టరికాలు వాల్యుయరు మనసులో మెదులుతాయట. కాబట్టి ఆస్తులన్నిటికీ నంబర్లు ఇచ్చారు. ఏ నంబరు ఎవరిదో రాసిన పుస్తకం ఒక్క విరూపాక్షం గారి బీరువాలోనే ఉంటుంది. బ్రాంచిలో అటెండరు నూకయ్య నల్ల మార్కరు పట్టుకుని దస్తావేజుల నకళ్ళలో పేరు కనిపించిన చోటల్లా పులిమేవాడు. నేను తనిఖీకి వెళ్ళే వేళకు యజమాని అక్కడ ఉండకూడదు. పాపం, వాళ్ళు తాళంచెవి పూలకుండీలో పెట్టి, పక్కింటి మేడ మీద కూర్చుని నేను వాళ్ళ గోడలు కొలవడం చూసేవాళ్ళు. నేను తలెత్తితే వంగి దాక్కునేవాళ్ళు.

అక్కడితో ఆగి ఉంటే ఈ కథ రాసే పని ఉండేది కాదు.

మూడో సర్క్యులర్‌ను కాగితం మీద పంపితే సరిపోదని విరూపాక్షం గారు వీడియో కాన్ఫరెన్సు పెట్టారు. మేనేజరు గారి గదిలో కూర్చుని నేనూ చూశాను.

"మిత్రులారా, కాస్త లోతుగా ఆలోచించండి," అన్నారు ఆయన. "వాల్యుయరు మెయిన్ రోడ్డు అన్న మాట విన్నాడనుకుందాం. అతని మనోభూమికలో ఏం జరుగుతుంది? విలువ పెరుగుతుంది. శ్మశానం పక్క సందు అన్న మాట విన్నాడనుకుందాం. విలువ తరుగుతుంది. అంటే ఇన్నాళ్ళూ మనం ఆస్తికి విలువ కట్టనే లేదు. ఆస్తి ఉన్న చోటికి కట్టాం. ఇది ఎంతటి ఘోరమైన పక్షపాతం!"

తెరమీద చిన్న చిన్న గళ్ళలో ఉన్న మేనేజర్లంతా తలలు ఊపారు.

"ఇక కన్ను," అన్నారు ఆయన, గొంతు తగ్గించి. "రంగు బాగుంటే కన్ను మోసపోతుంది. అద్దాలు మెరిస్తే మోసపోతుంది. మా విభాగం సమగ్రంగా అధ్యయనం చేసి కనుగొన్నదేమిటంటే, ఇప్పటివరకు జరిగిన తప్పుడు మూల్యాంకనాలన్నీ కళ్ళు ఉన్నవారే చేశారు. న్యాయదేవత కళ్ళకు గంతలు ఎందుకు కట్టుకుంది? బ్యాంకు అంతకంటే తక్కువదా?"

నేను చెయ్యెత్తాను. "అయ్యా, కట్టడం ఎక్కడుందో తెలియకుండా, ఎలా ఉందో చూడకుండా, విలువ..." అంటుండగానే నా గొంతు మ్యూట్ చేశారు. తర్వాత మేనేజరు గారు నా మోకాలి మీద చెయ్యి వేసి, "ఊరుకోండి ఇంజనీరు గారూ. ప్యానెల్లో ఉండాలా వద్దా?" అన్నారు.

ప్యానెల్లో ఉండాలి. మా అమ్మాయి కాకినాడలో ఇంజనీరింగు రెండో సంవత్సరంలో ఉంది. ఊరుకున్నాను.

వారం తిరక్కుండా హెడ్డాఫీసు ముద్రతో రెండు నల్ల పట్టీలు వచ్చాయి. ఒకటి నాకు. రెండోది మేనేజరు గారికి. ఆస్తిని చూసి మేనేజరు గారి ముఖం మారితే, ఆ ముఖం చూసి, అంటే చూడలేను గనుక ఆయన ఊపిరి విని, నేను ప్రభావానికి లోనవుతానట. నూకయ్యకూ, వ్యాను డ్రైవరుకూ పట్టీలు రాలేదు. వాళ్ళిద్దరూ కాంట్రాక్టు మనుషులు, సర్క్యులర్లు పర్మనెంటు వాళ్ళకూ ప్యానెల్ వాళ్ళకూ మాత్రమే వర్తిస్తాయి.

ఇక్కడ మాణిక్యమ్మ గారి సంగతి చెప్పాలి. మా బ్రాంచి ఉన్నది మాణిక్యం కాంప్లెక్సు మొదటి అంతస్తులో. రెండో అంతస్తులో ఒక చిన్న గది నా ఆఫీసు. కింద మాణిక్యమ్మ గారి టిఫిన్ సెంటరు. కాంప్లెక్సూ ఆవిడదే. ఇరవై ఏడేళ్ళ క్రితం అదే చోట తోపుడు బండి మీద ఇడ్లీలు అమ్మడం మొదలుపెట్టిన మనిషి, ముందు ఆ స్థలం కొంది, తర్వాత రేకుల షెడ్డు వేసింది, ఆ తర్వాత పన్నెండేళ్ళ క్రితం మా బ్యాంకులోనే అప్పు తీసుకుని మూడంతస్తులు లేపింది. ఇప్పటికీ తెల్లారకముందే లేచి పిండి తనే చూసుకుంటుంది. పెసరట్టు మీద ఉప్మా పెట్టి, పక్కన అల్లం చట్నీ వేసి ఆవిడ ఇస్తుంటే బ్యాంకు స్టాఫు, నేను, ఉల్లిపాయల మార్కెట్టు కమీషను వ్యాపారులు అందరం నిలబడే తినేవాళ్ళం. పన్నెండేళ్ళలో ఒక్క వాయిదా కూడా తప్పలేదు. తాకట్టు ఆస్తికి మూడేళ్ళకోసారి మళ్ళీ విలువ కట్టాలన్నది బ్యాంకు రూలు. ఆ విలువ బాకీ కంటే తగ్గితే ఆ తేడా ఏడు రోజుల్లో కట్టాలి, లేకపోతే ఆస్తి వేలం. ఆవిడకు ఆ మూడేళ్ళు ఆ శ్రావణంలో నిండాయి.

నాకు అప్పగించిన మొదటి గంతల తనిఖీ ఆస్తి సంఖ్య 417.

పొద్దున్న పదింటికి బ్రాంచి ముందు వ్యాను ఎక్కాం. నూకయ్య మా ఇద్దరికీ పట్టీలు కట్టి, "బిగువుగా ఉందాండీ?" అని అడిగి, తలుపు వేశాడు. వ్యాను కదిలింది. రైల్వే గేటు దగ్గర ఆగింది. ఎడమకు తిరిగింది, మళ్ళీ ఎడమకు తిరిగింది. కాసేపటికి ఉల్లి ఘాటు ముక్కుకు తగిలింది.

"మార్కెట్టు దగ్గరికొచ్చినట్టున్నాం," అన్నాను.

"అనకండి!" అన్నారు మేనేజరు గారు కంగారుగా. "అది లొకేషన్!"

నోరు మూసుకున్నాను. ముక్కు కూడా మూసుకోవాలా అని అడగబోయి, అది కూడా సర్క్యులర్‌గా వస్తుందేమోనని మానేశాను. యాభై నిమిషాలు అలా తిరిగి వ్యాను ఆగింది. నూకయ్య నా చెయ్యి పట్టుకుని దింపాడు. రెండు అడుగులు వేశానో లేదో గుంటలో పడ్డాను.

"అయ్యయ్యో! గుంటండీ బాబూ, సూసుకుని..." అని ఒక ఆడగొంతు అరిచి, మధ్యలోనే ఆగిపోయింది. నూకయ్య ఎవరితోనో మెల్లగా ఏదో అన్నాడు. పెనం మీద గరిట చప్పుడు ఆగింది. అల్లం చట్నీ వాసన వస్తోంది. ఆ గుంట మంచినీళ్ళ పైపుకోసం మునిసిపాలిటీ వాళ్ళు తవ్వి మూడు నెలలుగా పూడ్చకుండా వదిలేసింది. రోజూ కళ్ళు తెరుచుకుని దాన్ని తప్పుకుని వెళ్ళేవాణ్ణి.

నూకయ్య నన్ను లేవదీసి మెట్లెక్కించాడు. ఎనిమిదో మెట్టు మిగతా వాటికంటే అంగుళమున్నర ఎత్తు. మేస్త్రీ తప్పు అది. అక్కడికి రాగానే అలవాటు కొద్దీ కాలు ఎత్తి వేశాను. పక్కన మేనేజరు గారు కూడా ఎత్తి వేశారు. మొదటి అంతస్తు చేరేసరికి ఇరవై రెండు మెట్లయ్యాయి. మా బ్రాంచిలో నోట్లు లెక్కపెట్టే మిషను చప్పుడు వినిపించింది. మేనేజరు గారు గట్టిగా దగ్గారు. ఆ దగ్గు మిషను చప్పుడు నాకు వినపడకుండా ఉండడానికని నాకు అర్థమైంది.

పాత రూలు ప్రకారం ఆస్తి ముందు వాల్యుయరు నిలబడిన ఫొటో ఉండాలి. కొత్త రూలు ప్రకారం ఫొటోలో ఆస్తి కనపడకూడదు. నూకయ్య నా వెనక దుప్పటి పరిచి పట్టుకోగా డ్రైవరు ఫొటో తీశాడు. మళ్ళీ వ్యాను ఎక్కించి, మళ్ళీ గేటు, మళ్ళీ ఉల్లిపాయలు, మళ్ళీ యాభై నిమిషాలు తిప్పి, పొద్దున్న ఎక్కిన చోటే దింపి పట్టీలు విప్పారు. ఎదురుగా మాణిక్యమ్మ గారు గల్లాపెట్టె దగ్గర నిలబడి మా ఇద్దరివైపే చూస్తోంది. నేను సెల్‌ఫోను తీసి ఏదో చూసుకుంటూ పైకి వెళ్ళిపోయాను. మేనేజరు గారు కూడా ఫోను తీశారు.

ఆ సాయంత్రం రిపోర్టు రాయడానికి కూర్చున్నాను. నాలుగు హద్దులు లేని రిపోర్టు బ్యాంకు తీసుకోదు. ఇలా నింపాను:

తూర్పు: గోప్యం. పడమర: గోప్యం. ఉత్తరం: గోప్యం. దక్షిణం: గుంట.

తర్వాత, ప్రభావానికి లోనుకాకుండా గమనించిన అంశాలు అని ఒక గడి ఉంది. వాసనలు, చప్పుళ్ళు, గొంతులు రాయకూడదని కింద నక్షత్రం గుర్తు పెట్టి ఉంది. కాలితో తెలిసినవి మాత్రమే రాయవచ్చు. మెట్లు ఇరవై రెండు, గుంట ఒకటి అని రాశాను. అంతే, కంప్యూటరు తనంతట తానే లెక్క కట్టేసింది. మెట్టుకు ఎనిమిది వందల యాభై చొప్పున పద్దెనిమిది వేల ఏడు వందలు. గుంట పూడ్చే ఖర్చు పద్దెనిమిది వందలు తగ్గించగా ఆస్తి సంఖ్య 417 విలువ పదహారు వేల తొమ్మిది వందలు.

నా పంతొమ్మిదేళ్ళ అనుభవం ప్రకారం ఆ కాంప్లెక్సు కోటిన్నరకు పైసా తగ్గదు.

అభిప్రాయం అనే గడిలో, "ఆస్తి ఎక్కడుందో తెలియదు గానీ చాలా విలువైనదని అనిపించింది" అని రాసి పంపాను. మర్నాడు విరూపాక్షం గారే ఫోను చేశారు.

"శేషగిరి గారూ, మీ నివేదిక అభినందనీయం. కానీ అనిపించింది అన్నారు. అనిపించుట అనగా ఏమి? ప్రభావమే కదా? ఆ వాక్యాన్ని ఉపసంహరించుకుంటారా, లేక మీ పేరును ప్యానెల్ నుంచి మేము ఉపసంహరించుకోవాలా?"

"కానీ సార్, పదహారు వేల తొమ్మిది వందలకు ఈ రోజుల్లో రేకుల బడ్డీ కూడా..."

"ధర మీకు తక్కువగా తోచుచున్నదంటే, ఎక్కువ ఉండాలని మీకు ముందే తెలుసునన్నమాట. ఎలా తెలుసు?"

ఆ ప్రశ్నకు జవాబు చెబితే పట్టీ తొలగించి చూశానని రాస్తారు. వాక్యం ఉపసంహరించుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ రోజు నామీద నాకే అసహ్యం వేసింది. అసహ్యం వేసినా టిఫిన్‌కి మాత్రం వేరే హోటలుకు వెళ్ళాను.

మేనేజరు గారితో అయినా ఓ మాట అందామని ఆయన గదిలోకి వెళ్ళాను.

"సార్, ఆ నాలుగు వందల పదిహేడు..."

"ఏ నాలుగు వందల పదిహేడు?"

"మొన్న మనం వెళ్ళింది."

"ఎక్కడికి వెళ్ళాం?"

ఆయన ముఖంలోకి చూశాను. ఆయన నా ముఖంలోకి చూశారు. "ఎక్కడికో," అన్నాను.

"అంతే కదా మరి," అని ఆయన ఫైలు తెరిచారు. ఫైలులోకే చూస్తూ, "నాకు కార్తీకంలో ప్రమోషను ఇంటర్వ్యూ ఉందండీ," అన్నారు.

పది రోజులకు రిజిస్టరు పోస్టులో నోటీసు వచ్చింది. మాణిక్యమ్మ గారు దాన్ని పట్టుకుని, చేతికి అంటిన పిండి కొంగుకు తుడుచుకుంటూ నా గదికి వచ్చింది. ఆ గది నేను అద్దెకు తీసుకున్న ఆరేళ్ళలో ఆవిడ లోపలికి రావడం అదే మొదటిసారి. అద్దె నేనే కిందికి వెళ్ళి ఇస్తాను.

"ఇంజనీరు గారూ, మీరు ఇలువలు కట్టేవోరు కదా. ఇదేటో సదివి సెప్పండి."

చదివాను. "తమ తాకట్టు ఆస్తి యొక్క స్వతంత్ర విలువ పదహారు వేల తొమ్మిది వందల రూపాయలుగా నిర్ధారింపబడినందున, తమ బాకీ ముప్పై ఎనిమిది లక్షలకు సదరు ఆస్తి ఏ మాత్రమూ చాలదు. ఏడు దినములలోగా తేడా చెల్లించని పక్షమున వేలము వేయబడును."

"పదారువేలేటండీ? మెట్ల ఖరీదు కాదా అది?"

మెట్ల ఖరీదేనమ్మా అని నోటిదాకా వచ్చింది.

"ఎవరండీ కట్టింది?"

"స్వతంత్ర వాల్యుయరు," అన్నాను.

"ఆడికి కళ్ళు లేవా?"

ఫ్యాను సరిగ్గా తిరగడం లేదనిపించి దానివైపు చూశాను. "రూల్సు మారాయండీ. పై వాళ్ళు చేసేది. మేనేజరు గారిని అడిగి చూడండి," అన్నాను. ఆవిడ నోటీసు మడిచి తీసుకుని వెళ్ళింది. మేనేజరు గారు విషయం పై అధికారుల పరిశీలనలో ఉన్నదని చెప్పారట. ఆ ఏడు రోజులూ ఆవిడ ఎవరెవరి దగ్గరికో తిరిగింది, కలెక్టరేటులో అర్జీ కూడా పెట్టింది. టిఫిన్ సెంటరు మాత్రం ఒక్కపూటా మూయలేదు. పై అంతస్తులో ఉన్న నేను, మధ్య అంతస్తులో ఉన్న మేనేజరు గారు వెనక మెట్ల దారిన దిగి వెళ్ళడం అలవాటు చేసుకున్నాం.

వేలం కూడా స్వతంత్రంగా జరగాలి కదా. పేపర్లో ప్రకటన వేశారు: "ఆస్తి సంఖ్య 417. ఇది ఏమిటో, ఎక్కడున్నదో, ఎంత విస్తీర్ణమో విచారించరాదు. విచారించిన వారు అనర్హులు. కనీస ధర రూ. 16,900. కొనదలచినవారు తమ పేరు, చిరునామా ఎచ్చటనూ పేర్కొనరాదు. బిడ్డరు సంఖ్య మాత్రమే కేటాయించబడును." వేలానికి ముందురోజు, ఏ నంబరు ఎవరిదో రాసిన పుస్తకాన్ని నిష్పాక్షికత దృష్ట్యా విరూపాక్షం గారు ముగ్గురు ఆఫీసర్ల సమక్షంలో తగలబెట్టించారు. దాని ఫొటో బ్యాంకు పత్రికలో వచ్చింది.

ఏమిటో తెలియని దాన్ని కొనేవాడెవడు? ఒక్కటంటే ఒక్క కవరు వచ్చింది. పదిహేడు వేలు. హెడ్డాఫీసు నుంచి విరూపాక్షం గారు తెరమీద కనిపించి, ఆనందంతో గొంతు గద్గదమై, "కట్టిన విలువకు వంద రూపాయలు అదనంగా వసూలైంది! మన బ్యాంకు చరిత్రలో నూటికి నూరు శాతం పైన వసూలైన మొట్టమొదటి ఆస్తి ఇదే!" అన్నారు. ముప్పై ఎనిమిది లక్షల సంగతి ఎవరో కుర్ర ఆఫీసరు అడగబోతే, ఆ బాకీ ఎవరిదో చెప్పే పుస్తకమే లేదు గనుక బాకీ కూడా స్వతంత్రంగా ముగిసినట్టేనని వివరించారు. మేనేజరు గారి చేత నాకు శాలువా కప్పించి, ప్రభావరహిత మూల్యాంకన రత్న అని రాసిన ఇత్తడి పలక ఇప్పించారు. నేను తీసుకున్నాను. రెండు చేతులతో తీసుకున్నాను.

బిడ్డరు సంఖ్య ఒకటి తరఫున కాగితాలు తీసుకోవడానికి వచ్చింది నూకయ్య. సీలు కవరులో అసలు దస్తావేజులు, అమ్మకపు పత్రం పట్టుకుని, ఇరవై రెండు మెట్లు దిగి, టిఫిన్ సెంటర్లో ఇచ్చి వచ్చాడు.

మర్నాడు మాణిక్యమ్మ గారు మొదటి అంతస్తుకు వచ్చింది. ముందు కౌంటరు దగ్గరికి వెళ్ళి ఆ నెల వాయిదా కడతానంది. కంప్యూటర్లో అలాంటి ఖాతా లేదన్నారు. మళ్ళీ చూడమంది. మళ్ళీ చూసి లేదన్నారు. అప్పుడు మేనేజరు గారి గదిలోకి వెళ్ళి, ఆ కాంప్లెక్సు ఇప్పుడు ఏ తాకట్టూ లేకుండా తనదనీ, నెలాఖరుకు బ్రాంచి ఖాళీ చెయ్యాలనీ కాగితం ఇచ్చింది. మేనేజరు గారు కుర్చీలోంచి లేచి, "ఏమండీ, పదకొండేళ్ళుగా ఉంటున్నాం, మనం మనం ఒక కుటుంబంలా..." అన్నారట. ఆ కాగితాన్ని ఆయన హెడ్డాఫీసుకు పంపారు. కొత్త భవనం వెదకడానికి ఒక స్వతంత్ర కమిటీ వేశామనీ, అందులో ఆయనా నేనూ సభ్యులమనీ, పట్టీలు పాతవే వాడుకోవలెననీ జవాబు వచ్చింది.

తర్వాత ఆవిడ నా గదికి వచ్చింది. చేతిలో ఇంకో కాగితం ఉంది. కుర్చీ చూపించాను, కూర్చోలేదు.

"అదృష్టవంతులండీ మీరు," అన్నాను, ఏదో ఒకటి అనాలి కనుక. "ఆ నంబరు మీదేనని ఎలా తెలిసింది?"

"నూకయ్య సెప్పాడు. ఆడినెవరూ అడగలేదంట. నేను అడిగాను, సెప్పాడు."

"నేను చెప్పాలనే అనుకున్నానండీ. రూల్సు ఎలా ఉన్నాయంటే..."

"నా అప్పు నేను ఎగ్గొట్టే మనిషిని కాదండీ. ప్రతి అయిదో తారీకు ఎల్లి అడుగుతాను, ఎప్పుడు తీసుకుంటే అప్పుడు కడతాను," అంది ఆవిడ, నా మాట వినిపించుకోకుండా. తర్వాత కాగితం నా బల్లమీద పెట్టింది. బ్యాంకుకు ఇచ్చిన లాంటిదే. నెలాఖరుకు గది ఖాళీ చెయ్యాలి.

"నేనేం చేశానండీ?" అన్నాను.

"గంతలు కట్టుకుని మీరు గుంటలో పడి, ఇద్దరూ నా మెట్లెక్కుతా ఉంటే పెనం కాడ నిలబడి తెగ నవ్వుకున్నానండీ," అంది మాణిక్యమ్మ గారు. "గంతలు ఇప్పాక కూడా నా మొకం సూడకుండా ఎల్లిపోయారు సూడండి. అప్పుడు మాత్రం ఏడ్సాను."

ఆవిడ వెళ్ళిపోయింది. కింద మధ్యాహ్నం టిఫిన్ వేళయింది, మనుషులు వస్తున్నారు. నేను బీరువా తెరిచి పాత రిపోర్టులు కట్టలు కట్టడం మొదలుపెట్టాను.